తల తుంచిన కాఫీ వరసలు

నా దగ్గర పనికి కుదిరిన రోజున అతను నా కాఫీ మొక్కల్ని చూసి నవ్వాడు. నా నేల మీద నిలబడి నా తోటను చూసి నవ్విన మనిషి అంతకు ముందు ఎవరూ లేరు.

"ఇయ్యేటి బాబూ, కాఫీ మొక్కలా, జెండా కర్రలా?" అన్నాడు.

అతను అన్నది అబద్ధమూ కాదు. నాటాక రెండు వానాకాలాలు చూసిన మొక్కలు నా ఛాతీ ఎత్తుకు వచ్చాయి కానీ, పక్కలకు పెద్దగా విస్తరించలేదు. ఉన్న బలమంతా పైకి పోవడానికే ఖర్చు పెడుతున్నట్టు ఉన్నాయి. అతను ఒక మొక్క చుట్టూ తిరిగి, కాండం మీద బొటనవేలితో కింద నుంచి పైకి రాసి, కొసన ఉన్న లేత జంటాకుల దగ్గర వేలు ఆపాడు.

"దీన్ని గిల్లీలేదేటి ఎవులూ?"

"మా ఇంట్లో గిల్లరు" అన్నాను.

ఆ మాట కొంత వివరించాలి. మా తాతగారి కాలంలో నందపూర్ చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు మా అరుగు మీద తేలేది. జయపురం సంస్థానం పోయాక ఆ హక్కూ పోయింది. తర్వాత పల్లపు పొలాలు ఒక్కొక్కటీ చేతులు మారాయి. మా నాన్నగారు భూమి అమ్మారు కానీ, కొన్నవాళ్ళ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. చివరికి ఈ కొండవాలు మిగిలింది. వరి నిలవని నేల కనుక ఎవరూ అడగలేదు. దాంతోపాటు ఒక ఆచారమూ మిగిలింది. మా ఇంటి చేతులతో నాటిన మొక్కకు తల తుంచకూడదు. కొమ్మ కొట్టవచ్చు, ఆకు దూయవచ్చు, కాయ కోయవచ్చు. నడినెత్తిన ఉన్న చిగురు మాత్రం ముట్టకూడదు. ముడితే ఇంటి పెద్దకు చేటు.

వాలు పైభాగాన తాతగారు నాటిన కాఫీ చెట్లు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ఎవరూ తల ముట్టనందువల్ల అవి ఇంటి కప్పును దాటి పెరిగాయి. కింద నుంచి చూస్తే బోసి కర్రలు. చిట్టచివర గొడుగంత ఆకు, ఆ ఆకుల్లో గుప్పెడు పళ్ళు. వాటిని మాకంటే ముందు పిట్టలు తింటాయి. చిన్నప్పుడు ఆ చెట్లను చూపించి మా నాన్నగారు, "చూడు, ఎంత నిటారుగా ఉన్నాయో" అనేవారు. పంట గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

పనికి వచ్చిన మనిషి గురించి కూడా చెప్పాలి. గుణుపూర్ దగ్గర సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం వాళ్ళది. పెద్దలు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పొలం అన్నదమ్ముల మధ్య చీలికలైపోతే, కడగొట్టువాడైన ఇతని వాటాకు గట్టు తప్ప పెద్దగా ఏమీ రాలేదు. అప్పుడు కొండల్లో ఎవరివో గంజాయి తోటల్లో కూలికి చేరాడు. మొక్క చిన్నగా ఉన్నప్పుడే దాన్ని గుబురుగా మలచడం అక్కడ అతని పని. పట్టుబడ్డాడు. జైలు చూశాడు. బయటికి వచ్చాక పని ఇచ్చేవాళ్ళు లేకపోయారు.

అతను నందపూర్‌లో పని వెతుక్కుంటున్నాడని తెలిసి, సంతలో పెద్దమనుషులు ఇద్దరు నన్ను ఆపి మరీ జాగ్రత్త చెప్పారు. ఆ మనిషిని గడప తొక్కనివ్వకండి అన్నారు. నా గడప ఎవరు తొక్కాలో సంతలో తేల్చే రోజులు ఇంకా రాలేదని చెప్పి వచ్చేశాను. మర్నాడు అతనికి కబురు పంపాను. వాళ్ళు ఆపకపోతే పంపేవాణ్ణో లేదో నాకు తెలియదు.

అతను చేరిన వారంలోనే అతని భార్య వచ్చింది. బిస్సమ్ కటక్‌లో పుట్టింట ఉంటోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూర్చోమంటే కూర్చోలేదు. భర్త తోటలో ఉన్నాడని చెబితే, "ఆడితో నాకు పని నేదు బాబూ, మీతోటే" అంది.

మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె గ్లాసు పట్టుకునే మాట్లాడింది.

"ఆడు గంజాయి తోటకి ఎల్లినందుకు కాదు బాబూ నా కోపం. కూడు నేనప్పుడు ఎవులేటి సేస్తారో ఎవులు సెప్పగలరు? నాతోటి మాత్రం వంగతోటలో పనికి ఎల్తన్నానన్నాడు. నానదే నమ్మేను. ఈదంతా అదే సెప్పుకున్నాను. మా ఆయన వంగపాదులు బాగా సేస్తాడు, దొర మెచ్చుకున్నాడు అని. పోలీసోళ్ళొచ్చిన రోజున ఈదిలో ఆడోళ్ళంతా నా మొగం సూసేరు. వంగకాయలు బాగున్నాయేటే అమ్మీ అని ఇప్పటికీ అడుగుతారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

"ఏడాది సూస్తాను. పైయేడు ఈ రోజులకే మళ్ళీ వస్తాను. ఆడినేటీ అడగను, మిమ్మల్ని అడుగుతాను. బాగా సేస్తన్నాడు, ఉండమ్మా అని మీరు అంటే ఇక్కడే ఉండిపోతాను. నేదంటే ఆ బస్సే ఎక్కి ఎల్లిపోతాను. మరి రాను."

మా ఆవిడ నవ్వింది. "ఈయన నోట బాగుంది అన్న మాట పెళ్ళయిన కాణ్ణుంచి ఒక్కసారే విన్నానే అమ్మీ. అదీ పక్కింటోళ్ళ ఆవుని చూసి."

ఆమె నవ్వలేదు. గ్లాసు కడిగి బోర్లించి, భర్తకు కనబడకుండానే వెళ్ళిపోయింది. ఆ సంగతి సాయంత్రం అతనికి చెప్పాను. మొదటి వరస దాకా పోయి ఒక కొస చిగురు తడిమి వచ్చాడు. తర్వాత, "అయితే బాబూ, రేపే తలలు గిల్లేద్దాం" అన్నాడు.

ఆచారం సంగతి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె రోజూ పొద్దున్నే తులసి వెన్నులు గిల్లుతుంది. గిల్లకపోతే తులసి గుబురు కట్టదు అని ఆవిడే అంటుంది. అది వేరు, ఇది వేరు అన్నాను.

"వేరేటి? ఇంటి పెద్దకి చేటు అంటారు. పెద్ద మీరే కదా. మీకు రావలసిన చేటు ఇంకా ఏటి మిగిలిందో చెప్పండి, నేను కూడా చూస్తాను."

ఇక ఆ ఆచారం వైపు మాట్లాడేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేకపోయారు.

మొదటి మొక్క తల నేనే తుంచాను. ఇంకొకరి చేత తుంచనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. గోళ్ళ మధ్య అది ఇంత తేలిగ్గా తెగుతుందని అనుకోలేదు. టప్‌మని చిన్న శబ్దం వచ్చింది. చుక్క నీరు ఊరింది. అంతే. అతను నా వెనకాలే వరస పట్టుకుని వచ్చాడు. ఆ పూటకే వాలు సగం అయిపోయింది. చేటేమీ రాలేదు, మధ్యాహ్నం వాన వచ్చింది.

ఆ తర్వాత నాకు కొత్త జబ్బు పట్టుకుంది. రోజూ పొద్దున్నే పోయి చూడడం. తల తెగిన చోట మొదట కొంచెం నల్లబడింది. కొన్నాళ్ళు మొక్క ఏమీ చేయలేదు, ఏదో ఆలోచనలో పడ్డట్టు ఉంది. తర్వాత పై కణుపు దగ్గర ఆకు చంకలో రెండు వైపులా బియ్యపు నూకంత ఉబ్బులు వచ్చాయి. అవి రెండు కొత్త నిలువు చిగుళ్ళయ్యాయి. అదే సమయంలో కింద పడకకొమ్మలు, అంటే కాండానికి రెండు వైపులా చేతులు చాచినట్టు అడ్డంగా పోయే కొమ్మలు, ముదురు పచ్చగా తిరిగి సాగడం మొదలుపెట్టాయి. నాకు అర్థం కాని సంగతి ఒక్కటే. తల పోయిందన్న కబురు అన్ని కణుపుల కింద ఉన్న కొమ్మకు ఎలా చేరింది?

అతన్ని అడిగాను.

"పైన పెద్దోడున్నంత సేపూ కిందోళ్ళకి నోరు లెగదు బాబూ. మా ఇంట్లో సూడలేదేటి? మా పెద్దన్న ఉన్నన్నాళ్ళూ నాకు వాటా ఉందనే నాకు తెలీదు."

"మొక్కకి అన్నలూ తమ్ముళ్ళూ ఏమిట్రా?"

"మరి మీరు సెప్పండి బాబూ, సదువుకున్నోరు."

అతను మాత్రం ప్రతి విషయానికీ ఏదో ఒకటి చెప్పేవాడు. సగం నిజం ఉండేది, సగం గాలి. నాకు తెలీని సెట్టు లేదు బాబూ అనడం అతని అలవాటు. గంజాయి మొక్కను తను ఎలా మలిచేవాడో చెబుతుంటే, ఏదో రథం చెక్కిన శిల్పిలా చేతులు తిప్పేవాడు. చూసినోళ్ళు పొద అనుకునీవోరు బాబూ, మొక్క అని ఎవులూ అనీవోరు కాదు అనేవాడు.

కొత్తగా లేచిన రెండు నిలువు చిగుళ్ళను అతను రెండు వైపులకూ వంచి, నేలలో దింపిన కర్రమేకులకు అడ్డతీగ నారతో కట్టాడు. నడుమ వెలుతురు దిగాలని. దూరం నుంచి చూస్తే ప్రతి మొక్కా రెండు చేతులూ చాపి నిలబడ్డట్టు ఉండేది. ఈ సీమలో మొక్కల్ని నారతో వంచి కట్టే పని ఒక పంటకే చేస్తారని అందరికీ తెలుసు. టీ కొట్టు దగ్గర నన్ను చూసి కొట్టతను పళ్ళికిలించాడు.

"బాబుగారి కొండ మీద కొత్త పంట ఎత్తుకున్నారంట కదేటి?"

"పాత పంటే. కాఫీ."

"అలాగే అంటారు లెండి అందరూ."

రెండు రోజులకు ఒక పోలీసు జవాను వచ్చాడు. ఒడియాలో మర్యాదగానే మాట్లాడాడు, తోట చూడాలన్నాడు. చూడు అన్నాను, వెంట మాత్రం వెళ్ళలేదు. అతను ఎండలో వరసలన్నీ తిరిగి, ఒక ఆకు తెంపి నలిపి వాసన చూసి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నిజమైన నిరాశ. కాఫీయే అన్నాడు. కాఫీయే అని నేను అన్నాను. మంచినీళ్ళు అడిగాడు, ఇప్పించాను. అతను పోయాక మా పనివాడు నీడకు నాటిన సిల్వర్ ఓక్ చెట్టు వెనక నుంచి బయటికి వచ్చాడు.

"దాక్కున్నావేమిరా?"

"దాక్కోలేదు బాబూ. ఆయనకి నాను అడ్డం రాకూడదని."

ఆ తర్వాత జరిగింది పడకకొమ్మల సంగతి. వానలు బలంగా ఉన్న రోజులు. ఒక పొద్దున అతను, "కిందన ఉన్న పక్కకొమ్మలు తీసేద్దునా బాబూ? అడుగు తేటగా ఉంటే గాలాడుతాది. ఆ తోటల్లో మేము అలగే తీసీవోళ్ళం. తీసిన కాడ మళ్ళీ వస్తాయి" అన్నాడు.

ఒక వరస తీయమన్నాను. తీశాడు. వానకు కడిగినట్టు సన్నగా నిలబడ్డ ఆ వరస నాకు ఎంతో నచ్చింది. కవాతుకు నిలబెట్టినట్టు ఉంది. ఇంకో మూడు వరసలు కూడా అలాగే చెయ్యమన్నాను. అవి తీసినచోట కొత్తవి ఎలా వస్తాయో చూడాలని కూడా ఉంది. ఆకు చంకలో మొదట ఏది లేస్తుంది, ఎటు తిరుగుతుంది, ఇవన్నీ చూడాలనుకున్నాను. కాఫీ ఆఫీసులో అడిగితే చెప్పేవారేమో. నేను ఆ ఆఫీసుకు పోను. అక్కడి కుర్రవాడు ఒకసారి నన్ను నిలబెట్టి ఫోను మాట్లాడాడు.

వానలు తగ్గాయి. మంచు మొదలైంది. ఆ నాలుగు వరసల్లో పడకకొమ్మ ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

మొదట చలి వల్ల అనుకున్నాం. తర్వాత పేడ ఎరువు వేశాం. అతను మొక్క మొదట్లో బూడిద చల్లాడు. చిగుళ్ళు వచ్చాయి, నిజమే, కానీ అన్నీ నిలువు చిగుళ్ళే. కొరడాల్లా నిటారుగా పైకి పోయేవే. అడ్డంగా, చెయ్యి చాపినట్టు పోయే కొమ్మ ఎక్కడా లేదు. కాయ కాసేది ఆ అడ్డకొమ్మల మీదే. మిగతా వరసలు వేసవిలో తెల్లగా పూస్తే, ఈ నాలుగు వరసలూ కొసన తప్ప బోడిగా నిలబడ్డాయి.

అతను మాటలు తగ్గించాడు. నాకు తెలీని సెట్టు లేదు అనడం మానేశాడు. అతని కళ్ళు ఎప్పుడూ ఆ నాలుగు వరసల మీదే ఉండేవి. అతను లెక్క పెడుతున్నది పూలను కాదు, భార్య వచ్చే రోజును అని నాకు తెలుసు.

నేను మాత్రం ఆ కొమ్మ ఎందుకు రాలేదో తెలిసే దాకా వేరే పని మీద మనసు పెట్టలేకపోయాను. పంచాంగం చదివే భూతద్దం పట్టుకుని ఆకు చంకల్లోకి చూడడం మొదలుపెట్టాను. మా ఆవిడ, "మొక్కకి జాతకం చూస్తున్నారేటి?" అంది. చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. లేత కాండం మీద ప్రతి ఆకు చంకలోనూ ఒకదాని కింద ఒకటిగా మొగ్గలు ఉంటాయి. అన్నిటికంటే పైన ఉన్నది పడకకొమ్మ అవుతుంది. దాని కింద దాక్కున్నవి, ఎన్నిసార్లు లేచినా, నిలువు చిగుళ్ళే అవుతాయి. పై మొగ్గ ఒక్కటే. అది ఒకసారి కొమ్మగా పోయిందంటే ఆ చోట ఇంకొకటి లేదు. మొక్క ఆ ఖాతా మూసేసింది.

అయితే ఆ మొక్క పని అయిపోయినట్టేనా? దీనికి జవాబు వాలు పైన దొరికింది. తాతగారి చెట్ల మధ్య తిరుగుతుంటే, ఏ గాలివానకో సిల్వర్ ఓక్ కొమ్మ పడి మోకాలెత్తున విరిగిన కాఫీ చెట్టు ఒకటి కనిపించింది. దాని మొద్దు నుంచి నిలువు చిగురు లేచి, కొత్త కాండమై, నా ఎత్తు పెరిగింది. ఆ కొత్త కాండానికి కింద నుంచి పై దాకా రెండు వైపులా పడకకొమ్మలు! పాత చోట రాని కొమ్మ కొత్త కాండం మీద ప్రతి కణుపుకూ వచ్చింది. తాతగారి చెట్లన్నిటిలో తల పోయినది అదొక్కటే. నిండా కాసిందీ అదొక్కటే.

కిందికి వచ్చి అతనికి చెప్పాను. ఆ నాలుగు వరసలూ మోకాలెత్తున కోసేయాలి, ఏడాది పంట పోతుంది, తర్వాత వస్తుంది అన్నాను.

అతను నేల చూస్తూ నిలబడ్డాడు. "కొయ్యడం ఇప్పుడొద్దు బాబూ. మా ఇంటిది వచ్చి ఎల్లేక కోద్దాం."

"ఎందుకు?"

"ఇప్పుడైతే బోడిగా ఉన్నా మొక్కలున్నాయి కదా. తెగులొచ్చినాదని సెప్దాం. కోసేస్తే మోడులు సూస్తాది. ఈడు సెయ్యెట్టినాదల్లా పాడే అనుకుంటాది."

"నా తోటలో తెగులు లేదు" అన్నాను. "లేని తెగులు నా నోటితో పెట్టను."

"మీరు సెప్పక్కర్లేదు. నాను సెప్తాను. మీరు ఊరుకోండి సాలు."

నేను ఊరుకుంటానని అనలేదు, ఊరుకోనని కూడా అనలేదు. కోతకు పనిముట్లు మాత్రం నూరి పెట్టమన్నాను.

ఆమె అన్న మాట ప్రకారమే వచ్చింది, వానలు మొదలయ్యే ముందు, ఉదయం బస్సుకు. చేతిలో చిన్న సంచి ఉంది. ఈసారి కూర్చోమంటే కూర్చుంది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది, తాతగారి చెట్లదే. తాగి, తోట సూస్తాను బాబూ అని లేచింది. నేను ముందు నడిచాను. మా ఆవిడ కూడా వచ్చింది. ఎండ అంటే తలనొప్పి అనే మనిషి ఆ రోజు గొడుగు కూడా అడగలేదు.

అతను మంచి వరసల దగ్గర నిలబడి ఉన్నాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. ఆమె అతన్ని ఒకసారి చూసి, మొక్కల్ని చూసింది. గుబురుగా, నిండా పచ్చికాయతో ఉన్నాయి. ఒక కొమ్మ ఎత్తి కాయలు తడిమింది. ఆమె ముఖంలో కొంచెం మార్పు వచ్చింది. అతను ఆమెను ఆ వరసలోనే అటూ ఇటూ తిప్పాడు. మంచి వరసలు చాలా ఉన్నాయి, వాటితోనే పొద్దు గడపవచ్చు. కానీ వాలు దిగుతుంటే ఆ నాలుగు వరసలు కనబడక మానవు.

ఆమె ఆగింది. "ఇయ్యేటి ఇలగున్నాయి?"

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇయా? ఇయి... తెగు..."

నా వైపు చూశాడు. నేను అతని వైపే చూస్తున్నాను. కోపంగా కాదు. ఏమంటాడో తెలుసుకోవాలని. తల తెగిన కణుపు దగ్గర రోజూ పొద్దున్నే ఎలా చూశానో అలాగే చూశాను అనుకుంటాను.

"తెగులు కాదు" అన్నాడు అతను. "నానే ఇరిసేను. గంజాయి మొక్కకి ఇరిసినట్టే ఇరిసేను. మళ్ళీ వస్తాయనుకున్నాను, బాబుకి అలగే సెప్పేను. ఇది ఆ మొక్క కాదు. రాలేదు. నాలుగు వరసలు పాడు సేసేను."

ఇక ఊరుకోవడం నాకు చేతకాలేదు. "ఒక వరస అతను అడిగి తీశాడు. మిగతా మూడూ నేను తీయించాను. నా తోటలో నేను చెప్పకుండా ఆకు తెగదు."

ఆమె నన్ను చూడలేదు. బాగా చేస్తున్నాడా లేదా అని నన్ను అడగడానికి అంత దూరం వచ్చిన మనిషి నన్ను ఏమీ అడగలేదు. అతన్నే చూస్తోంది.

"వంగమొక్కలకైతే వస్తాయేటి, ఇరిస్తే?" అంది చివరికి.

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వంగ సంగతి నాకు తెలీదే" అన్నాడు.

మా ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేటి సేస్తారు వీటిని?" ఆమె నన్ను అడిగింది.

"మోకాలెత్తున కొయ్యాలి. మొద్దు నుంచి చిగుళ్ళు చాలా లేస్తాయి. అందులో మంచివి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయాలి. ఏరడమే పని. తప్పు చిగురు ఉంచితే మళ్ళీ మొదటికి వస్తుంది."

"ఎవులేరుతారు?"

"అతనే ఏరాలి. ఇంకెవరున్నారు నాకు?"

అతను ముందే నూరి పెట్టిన రంపపు కత్తి తెచ్చాడు. మొదటి మొక్క దగ్గర కూర్చుని, కాండం మీద కత్తి ఆనించి ఆగిపోయాడు. ఆ తోటల్లో పోలీసులు వచ్చినప్పుడు అతను పెంచినవన్నీ అతని ముందే నరికి కుప్పపోసి తగలబెట్టారని ఒకసారి చెప్పాడు. అది గుర్తొచ్చిందో, ఇంకేదైనానో నాకు తెలియదు. ఆమె సంచి గట్టున పెట్టి, పక్కన కూర్చుని, పై కాండం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"కోయి" అంది. "నాను పట్టుకున్నాను."

సాయంత్రానికి ఒక వరస అయింది. బస్సు వేళ దాటిపోయింది. ఆమె దాని గురించి ఏమీ అనలేదు. చీకటి పడకముందే మా ఆవిడను చీపురు అడిగి, తోట కిందనున్న పెంకుటి గది ఊడ్చుకుంది. మా ఆవిడ, "ఎన్నాళ్ళుంటావే అమ్మీ?" అని అడిగితే, "సిగుళ్ళు లెగనీండమ్మా, ఈడు ఏటి ఏరుతాడో సూడాలి కదా" అంది.

చిగుళ్ళు లేచాయి. వానలు పడ్డ కొద్ది రోజులకే ప్రతి మోడు చుట్టూ ఆవగింజల్లాంటి పచ్చని మొగ్గలు, తర్వాత జంటాకులు, తర్వాత వేలంత నిలువులు. ఒక్కో మోడుకు ఇన్ని నిలువులు ఎక్కడ దాగి ఉన్నాయో! ఏరే రోజున నేను కూడా భూతద్దం పట్టుకుని వెళ్ళాను. వాళ్ళిద్దరూ మొదటి మోడు దగ్గరే తగువు పడుతున్నారు.

"ఇది ఉంచాలి. లావుగా ఉంది" అన్నాడతను.

"లావుంటే? కాండానికి పై అంచున ఉంది. గాలొస్తే ఊడిపోతాది. ఇది సూడు, కిందన, గట్టిగా అతుక్కున్నాది."

"సన్నంగా ఉంది కదే!"

"నన్ను సేసుకున్న రోజున నాను లావున్నానేటి?"

"అప్పుడు ఇప్పుడు ఒకటేటి?"

"బాబూ, మీరు సెప్పండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నేను వంగి భూతద్దంలోంచి రెంటినీ చూశాను. లావుపాటి చిగురు ఆకు ముదురుగా ఉంది. సన్నపాటిది మోడుకు కింద, బెరడులోంచి చొచ్చుకుని వచ్చింది. ఏది నిలబడుతుందో నాకు నిజంగా తెలియలేదు. తెలుసుకోవాలని మాత్రం గట్టిగా ఉంది.

"రెండూ ఉంచండి" అన్నాను. "చూద్దాం."